గస్తీ పెంచితే తుపాకీ మోత ఆగుతుందా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలోని కాన్సస్ సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. 2018లో మన వరంగల్ విద్యార్థి దోపిడీ దొంగ కాల్పుల్లో చనిపోయింది ఆ ఊళ్లోనే కావడంతో మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మా మరిదిగారి అబ్బాయి మాత్రం, కాల్పులు ఎక్కువగా జరిగే వీధుల్లో పోలీసులు ప్రత్యేకంగా గస్తీ తిరుగుతారని, భయపడనవసరం లేదని అంటున్నాడు. గస్తీ తిరిగితే నిజంగా కాల్పులు తగ్గుతాయా? మమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాటేనా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, గస్తీ వల్ల కాల్పులు తగ్గుతాయి, కానీ అన్ని రకాల గస్తీ వల్లా తగ్గవు. ఈ తేడాను లోకానికి లెక్కలతో చూపించింది మీ అమ్మాయి వెళ్లబోయే ఊరే. మిస్సోరీ రాష్ట్రంలోని ఆ కాన్సస్ సిటీలో ఇరవై ఏళ్ల తేడాతో రెండు ప్రయోగాలు జరిగాయి, రెండూ రెండు వేర్వేరు ఫలితాలు ఇచ్చాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ సందేహం చాలావరకు తీరుతుంది.

మొదటి ప్రయోగం 1972 అక్టోబరులో మొదలై ఏడాది పాటు సాగింది. నగరంలోని పదిహేను బీట్లను, అంటే పోలీసు గస్తీ ప్రాంతాలను, మూడు భాగాలుగా చేశారు. ఐదింటిలో గస్తీ పూర్తిగా ఆపి, ఎవరైనా ఫోన్ చేస్తేనే పోలీసులు వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఐదింటిలో ఎప్పటిలాగే తిరిగారు. మిగిలిన ఐదింటిలో రెండు మూడు రెట్లు ఎక్కువ తిరిగారు. ఏడాది తరువాత లెక్క చూస్తే మూడు చోట్లా నేరాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. జనంలో భయం పెరగలేదు, తగ్గలేదు. పోలీసు బండ్లు ఊరంతా ఊరికే తిరిగితే ప్రయోజనం లేదని ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడని నిజం అలా బయటపడింది.

రెండవ ప్రయోగం 1992 జూలైలో మొదలై 1993 జనవరి వరకు, అంటే 29 వారాలు జరిగింది. లారెన్స్ షెర్మన్ అనే నేరశాస్త్రవేత్త, ఆయన సహచరులు దానిని పరిశీలించారు. ఈసారి ఊరంతా కాకుండా 144వ నంబరు బీటును ఒక్కదానినే ఎంచుకున్నారు. అది పొడవున పది, వెడల్పున ఎనిమిది వీధుల మేర ఉండే చిన్న ప్రాంతం. అక్కడ అంతకు ముందు ఏడాది హత్యల రేటు లక్ష జనాభాకు 177, అంటే అమెరికా సగటుకు సుమారు ఇరవై రెట్లు. పోలీసులు మొదట ఇంటింటికీ తిరిగి, ఎవరి దగ్గరైనా అక్రమంగా తుపాకీ ఉందని తెలిస్తే పేరు చెప్పకుండా ఫోన్ చేయమని కోరారు. తలుపు తీసినవారు చాలామంది సరేనన్నారు గాని, వచ్చినవి రెండే ఫోన్లు. పొరుగువాడి తుపాకీ గురించి పోలీసుకు చెప్పి, మళ్లీ అదే వీధిలో బతకాల్సినవారి భయాన్ని తప్పు పట్టలేము.

అందువల్ల పద్ధతి మార్చారు. రాత్రి ఏడు గంటల నుంచి ఒంటిగంట వరకు, వారంలో ఏడు రోజులూ, రెండు కార్లలో ఇద్దరేసి పోలీసులు ఆ ఎనభై వీధుల్లో మాత్రమే తిరిగారు. ఈ నలుగురికీ మామూలు ఫిర్యాదుల ఫోన్లకు పరుగెత్తే పని అప్పగించలేదు. అక్రమంగా వెంట తిరుగుతున్న తుపాకీని పట్టుకోవడం ఒక్కటే వారి పని. లైటు లేని కారును, సిగ్నల్ దాటిన కారును ఆపినప్పుడు లోపల కంటికి కనిపించే తుపాకీ, వేరే నేరానికి అరెస్టు చేసినప్పుడు జేబులో దొరికే తుపాకీ, నడుము దగ్గర అనుమానాస్పదంగా ఉబ్బు కనిపించినప్పుడు తమ రక్షణ కోసం పైపైన తడిమితే బయటపడే తుపాకీ, ఇలా మూడు దారులలో వెతికారు. మొత్తం 200 రాత్రులు, 4,512 పోలీసు గంటలు. ఇందులో నిజంగా కారులో తిరిగింది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే; మిగిలిన సమయమంతా అరెస్టులకు సంబంధించిన కాగితాలకు, ఠాణా పనికి పోయింది. గస్తీ సిబ్బంది సరిపోవడం లేదని అడిగే అధికారుల మాటను కొట్టిపారేసేవారు ఈ లెక్కను ఒకసారి చూడాలని నా అభిప్రాయం.

ఫలితం ఇది. అంతకు ముందు 29 వారాలలో ఆ బీటులో పట్టుబడిన తుపాకులు 46. ఈ 29 వారాలలో 76. తుపాకీతో జరిగిన నేరాలు 169 నుంచి 86కు, అంటే సగానికి పడిపోయాయి. నడుస్తున్న కారులోంచి కాల్చిపోయే ఘటనలు ఏడు నుంచి ఒకటికి తగ్గాయి. పోల్చి చూడటానికి ఎంచుకున్న 242వ బీటులో ప్రత్యేక గస్తీ పెట్టలేదు. అక్కడ తుపాకీ నేరాలు 184 నుంచి 192కు చేరాయి, కారులోంచి కాల్పులు ఆరు నుంచి పన్నెండు అయ్యాయి. ఒకే ఊరు, ఒకే కాలం, ఒకే పోలీసు శాఖ. 144వ బీటు ప్రజలను ముందూ వెనుకా అడిగి చూస్తే, నేరాలంటే వారికి ఉన్న భయం కూడా తగ్గిందని తేలింది.

కాబట్టి మీ మరిదిగారి అబ్బాయి చెప్పింది వట్టి మాట కాదు. అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. వీధి గస్తీ ఆపగలిగేది వీధిలో తిరిగే తుపాకీని. 2018లో మన వరంగల్ బిడ్డ చనిపోయింది ఒక రెస్టారెంట్ లోపల. అంతకు ముందు ఏడాది, 2017 ఫిబ్రవరిలో, ఆ నగరానికి ఆనుకుని కాన్సస్ రాష్ట్రంలో ఉన్న ఓలేత్‌లో మన హైదరాబాద్ ఇంజనీరును ఒక బారులో కాల్చి చంపింది విదేశీయులపై ద్వేషంతో వచ్చిన వ్యక్తి. నాలుగు గోడల మధ్య నిమిషంలో జరిగిపోయే దోపిడీకి గాని, ద్వేషంతో తుపాకీ పట్టి వచ్చినవాడికి గాని వీధి గస్తీ పూర్తి అడ్డు కాలేదు. మీ అమ్మాయిని ఆపమని గాని, పంపమని గాని నేను చెప్పను. ఇల్లు చూసుకునేటప్పుడు నగరం మొత్తం పేరు చూసి భయపడటం కంటే, ఆ ఇంటి చుట్టూ ఉన్న పది వీధుల గురించి, రాత్రి ఆమె రాకపోకలు ఏ దారిన ఉంటాయన్న దాని గురించి అక్కడివారిని వివరంగా అడగండి. తుపాకీ హింస ఊరంతా సమానంగా పరుచుకుని ఉండదు. బోస్టన్ నగరంలో 1980 నుంచి 2008 వరకు జరిగిన కాల్పులను పటం మీద గుర్తించి చూసిన పరిశోధకులకు, వాటిలో అధిక భాగం నగరంలోని వీధి భాగాలు, కూడళ్లలో ఐదు శాతం లోపు చోట్లలోనే పదే పదే జరిగినట్లు కనిపించింది.

ప్రశ్న: నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. ఇలాంటి గస్తీల గురించి చదివినప్పుడల్లా నాకు రెండు సందేహాలు వస్తాయి. నేరాలు తగ్గింది తుపాకులు పట్టుకున్నందువల్లనా, పోలీసులు కంటపడినందువల్లనా? ఒక వీధిలో కాపలా పెడితే తుపాకీ పట్టినవాడు పక్క వీధికి పోడా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: రెండవ సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది చిన్నది. 144వ బీటు చుట్టూ ఉన్న ఏడు బీట్లనూ లెక్కించారు. ఎక్కడా తుపాకీ నేరాలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. రెండు బీట్లలో తగ్గాయి కూడా. వీధి తగాదాలకు, మత్తుమందు బేరాలకు, ముఠా పగలకు ఒక స్థలం, ఒక వేళ, ముఖపరిచయం ఉన్న మనుషులు ఉంటారు. అవి ఆ మూల నుంచి ఈ మూలకు సంత మార్చినంత తేలికగా మారవు.

మొదటి సందేహం లోతైనది. 144వ బీటులో ప్రత్యేక గస్తీ స్వయంగా పట్టుకున్న తుపాకులు 29. అమెరికా నగరంలో ఉండే తుపాకుల సంఖ్య ముందు ఇది సముద్రంలో చెంబెడు నీళ్లు. ఆ 29 తుపాకులు పోయినందువల్లనే 83 నేరాలు ఆగిపోయాయని అనుకోవడం కష్టం. తుపాకీ ఇంట్లో ఉన్నా, దానిని నడుముకు పెట్టుకుని బయటికి వస్తే పట్టుబడతామన్న భయం పనిచేసిందని భావించడం సబబుగా ఉంటుంది. వీధిలో మాట మాట పెరిగిన క్షణంలో చేతికందే దూరంలో తుపాకీ ఉంటే హత్య. అది ఇంట్లో బీరువాలో ఉంటే ఆ తగాదా చెంపదెబ్బతో ముగియవచ్చు.

ఈ ఊహకు గట్టి పరీక్ష 1997లో ఇండియానాపోలిస్‌లో జరిగింది. ఈ విషయం మీద ఇంతకంటే విలువైన పాఠం మరొకటి లేదని నేను నమ్ముతాను. అక్కడ తొంభై రోజుల పాటు రెండు ప్రాంతాలలో రెండు పద్ధతులు నడిపారు. తూర్పు ప్రాంతంలో వీలైనన్ని ఎక్కువ వాహనాలను ఆపమన్నారు. ఎక్కువమంది పోలీసులు కనిపించడం, ఎక్కువమందిని ఆపడమే అక్కడి సూత్రం. ఉత్తర ప్రాంతంలో తక్కువమందినే ఆపమన్నారు. అయితే హింసకు, మత్తుమందు వ్యాపారానికి సంబంధించి నిజమైన అనుమానం ఉన్నవారిని మాత్రమే ఆపి, వారిని క్షుణ్ణంగా విచారించమన్నారు. తూర్పున పట్టుబడిన తుపాకుల సంఖ్య బాగా పెరిగింది, ఉత్తరాన స్వల్పంగానే పెరిగింది. కానీ తుపాకీ నేరాలు తగ్గింది ఉత్తరాన, సుమారు 29 శాతం. తూర్పున తగ్గలేదు.

దీనిని నిదానంగా ఆలోచించి చూడండి. పోలీసు శాఖలు పత్రికల వారి ముందు బల్ల మీద పేర్చి చూపించే తుపాకుల సంఖ్యకు, వీధిలో కూలిపోయే మనుషుల సంఖ్యకు నేరుగా లంకె లేదు. కాల్చే స్వభావం ఉన్న కొద్దిమందికి తమ మీద చూపు ఉందని తెలియాలి. దారిన పోయే వెయ్యిమందిని ఆపితే ఆ కొద్దిమందికి అది తెలియదు. తమను కూడా అందరితో పాటే ఆపారని అనుకుంటారు.

మరుసటి ఏడాది, 1998లో, పిట్స్‌బర్గ్ నగరంలోని రెండు మండలాలలో బుధవారం నుంచి శనివారం వరకు, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఇలాంటి గస్తీ నడిచింది. తుపాకీ మోత వినిపించిందని వచ్చే ఫిర్యాదులు 34 శాతం, కాల్పుల గాయాలతో ఆసుపత్రికి వచ్చేవారు 71 శాతం తగ్గినట్లు ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. పోలీసుల లెక్కలను శంకించేవారికి ఇందులోని ఆసుపత్రి లెక్క ముఖ్యమైనది. కేసు నమోదు చేయడం, మానడం పోలీసుల చేతిలో ఉంటుంది. తూటా దిగినవాడు ఆసుపత్రికి రావడం వారి చేతిలో ఉండదు. అయినా న్యాయవాది కాబోయే మీకు ఒక హెచ్చరిక అవసరం. కాన్సస్ సిటీలో పరీక్షించింది ఒకే బీటును. ఈ మూడు నగరాలలోనూ ప్రాంతాలను చీటీ తీసి ఎంచుకోలేదు. అందుచేత వీటిని బలమైన సాక్ష్యంగా తీసుకోవచ్చు గాని, తిరుగులేని రుజువుగా కాదు. సెయింట్ లూయిస్‌లో 2012లో 32 ప్రమాదకర స్థలాలను చీటీ పద్ధతిలో విడదీసి చేసిన పరీక్షలో కూడా, పోలీసులు చురుకుగా తనిఖీలు చేసిన చోట తుపాకీ దాడులు సగానికి పైగా తగ్గాయి. తుపాకీ దోపిడీల మీద మాత్రం ప్రభావం కనిపించలేదు. హన్మకొండ తల్లిగారికి నేను చెప్పిన జాగ్రత్తకు ఇది కూడా ఒక కారణం.

ప్రశ్న: న్యూజెర్సీలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. న్యూయార్క్‌లో చదివే రోజుల్లో మా నల్లజాతి మిత్రుణ్ణి పోలీసులు ఒకే నెలలో మూడుసార్లు గోడకు నిలబెట్టి సోదా చేయడం నేను కళ్లారా చూశాను. ఒక్కసారీ ఏమీ దొరకలేదు. మీరు పొగిడే గస్తీ ఇదే కదా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: మీ మిత్రునికి జరిగింది అన్యాయం. దానిని ఏ నేర గణాంకంతోనూ నేను సమర్థించను.

అమెరికా సుప్రీంకోర్టు 1968లో టెర్రీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, నేరం జరుగుతోందని చెప్పడానికి సహేతుకమైన అనుమానం, దానికి చెప్పగలిగిన ఆధారం ఉంటేనే పోలీసు ఒక మనిషిని ఆపవచ్చు. ఆ మనిషి వద్ద ఆయుధం ఉందని అనుమానించే కారణం ఉంటేనే పైనుంచి తడిమి చూడవచ్చు. న్యూయార్క్ పోలీసులు ఈ సన్నని తలుపును సింహద్వారంగా మార్చేశారు. 2011 ఒక్క సంవత్సరంలోనే 6,85,000కు పైగా సార్లు జనాన్ని ఆపారు. 2013 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధంగా నడుస్తోందని తీర్పు చెప్పారు. ఆమె పరిశీలించిన 2004–2012 మధ్య కాలంలో ఆపిన సందర్భాలు 44 లక్షలు. వాటిలో ఎనభై శాతానికి పైగా నల్లజాతివారివి, హిస్పానిక్‌లవి (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలు ఉన్నవారివి). తడిమి చూసినప్పుడు ఏదైనా ఆయుధం దొరికింది నూటికి ఒకటిన్నర సార్లు మాత్రమే. తరువాత ఆపడం బాగా తగ్గి, 2015 నాటికి ఏడాదికి 23,000 లోపుకు వచ్చింది. నగరం రక్తసిక్తమవుతుందని భయపెట్టినవారి మాట నిజం కాలేదు. 2011లో 515 ఉన్న హత్యలు 2017లో 292కు దిగాయి.

నేను మెచ్చుకున్నది ఇండియానాపోలిస్ ఉత్తర ప్రాంతపు పద్ధతిని. మీరు చూసింది తూర్పు ప్రాంతపు పద్ధతికి విపరీత రూపాన్ని. రెండింటికీ పేరు ఒకటే పెట్టడం వల్ల మంచి పద్ధతికి చెడ్డపేరు, చెడ్డ పద్ధతికి మంచిపేరు వస్తున్నాయి. అయితే మీ కోపంలో ఇంకొక నిజం ఉంది, దానిని ఒప్పుకోవాలి. తుపాకుల కోసమే ప్రత్యేక దళం పెట్టి, పైనుంచి కనిపెట్టేవారు లేకుండా వదిలేస్తే ఆ దళమే ముఠాగా మారిన సందర్భాలు ఉన్నాయి. బాల్టిమోర్‌లో తుపాకుల కోసం ఏర్పాటు చేసిన దళంలోని అధికారులే జనాన్ని ఆపి డబ్బు, మత్తుమందు దోచుకున్నట్లు 2017లో కేసులు నమోదై, జైలుశిక్షలు పడ్డాయి. మెంఫిస్‌లో 2021లో హింసాత్మక నేరాల కోసం ప్రారంభించిన స్కార్పియన్ దళం, 2023 జనవరిలో ఒక యువకుడి కారును ఆపి అతణ్ణి కొట్టడంతో అతడు మరణించాడు. ఆ దళాన్ని రద్దు చేశారు. మనిషిని ఎందుకు ఆపావో అతడికి చెప్పడం, ఏమీ దొరకనప్పుడు క్షమాపణ చెప్పి పంపడం, ఆపిన ప్రతిసారీ కారణం రాసి ఉంచడం, దుస్తులకు కెమెరా ఉండటం, ఆ దృశ్యాలను పై అధికారి నిజంగా చూడటం మర్యాద కోసం పెట్టుకున్న అలంకారాలు కావు. ఇవి లేని గస్తీని నేను గస్తీగా లెక్కించను. కాల్పులకు ఎక్కువగా బలవుతున్నదీ, ఈ సోదాల అవమానాన్ని ఎక్కువగా మోస్తున్నదీ అదే పేద నల్లజాతి వాడలు. తుపాకీ నుంచి కాపాడమని అడిగే తల్లి, తన కొడుకును గోడకు నిలబెట్టవద్దని కూడా అడుగుతుంది. ఆమె అడిగే రెండూ న్యాయమే.

ప్రశ్న: మా బస్తీలో తెల్లవారుజామున పోలీసులు కార్డన్ సెర్చ్ చేసి, కాగితాలు లేని బండ్లు తీసుకుపోతారు. ఇదీ మీరు చెప్పే గస్తీ కిందికే వస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రాదు. బస్తీని మొత్తం చుట్టుముట్టి ప్రతి ఇంటినీ తనిఖీ చేయడంలో ప్రత్యేకించి ఎవరి మీదా అనుమానం ఉండదు. అక్కడ నివసించడమే అనుమానానికి కారణమవుతుంది. పైన వివరించిన గస్తీలో స్థలాన్ని ఎంచుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ స్థలంలో ఎవరిని ఆపాలి, ఎందుకు ఆపాలి అన్నది రెండవ మెట్టు. రెండవ మెట్టు లేకపోతే మిగిలేది బండి కాగితాల తనిఖీ. మరొక తేడా కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడమే నేరం. అమెరికా పోలీసుకు ఆ వెసులుబాటు చాలా రాష్ట్రాలలో లేదు. అందుచేత అక్కడి ప్రయోగాలను ఇక్కడికి ఉన్నవి ఉన్నట్లు దించుకోవడం కుదరదు.

ప్రశ్న: ఇంత బాగా పనిచేసే పద్ధతిని కనిపెట్టిన కాన్సస్ సిటీలోనే ఇప్పటికీ హత్యలు ఎందుకు అంత ఎక్కువ?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన ప్రశ్న ఇది. ఆ నగరంలో 2023లో 182 హత్యలు జరిగాయి. అంతకు ముందు ఏ సంవత్సరంలోనూ అన్ని జరగలేదు.

ఒక కారణం గస్తీ స్వభావంలోనే ఉంది. అది టీకా వంటిది కాదు, రోజూ వేసుకోవాల్సిన మాత్ర వంటిది. 1993 జనవరిలో ఓవర్‌టైం డబ్బు అయిపోయి ప్రత్యేక గస్తీ ఆగిపోగానే 144వ బీటులో తుపాకీ నేరాలు మళ్లీ పెరిగాయి. 2009 వేసవిలో ఫిలడెల్ఫియాలో అరవై ప్రమాదకర ప్రాంతాలలో కొత్తగా చేరిన పోలీసులను కాలినడకన తిప్పినప్పుడు, గస్తీ లేని ప్రాంతాలతో పోలిస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. వారిని అక్కడి నుంచి పంపించేశాక ఆ ప్రయోజనం కూడా కరిగిపోయింది. పరిశోధనకు గ్రాంటు ఉన్నంతకాలం మందు వేసి, గ్రాంటు అయిపోగానే ఆపేసి, రోగం తిరగబెట్టిందని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు.

రెండవ కారణం చట్టం. 1992లో మిస్సోరీలో తుపాకీని దుస్తుల మాటున దాచుకుని తిరగడం నేరం. పోలీసు అనుమానానికి, సోదాకు, అరెస్టుకు ఆ చట్టమే పునాది. 2003లో లైసెన్సు ఉంటే దాచుకుని తిరగవచ్చన్నారు. 2007లో పిస్తోలు కొనడానికి ముందు తీసుకోవాల్సిన అనుమతిని ఎత్తివేశారు. 2016లో గవర్నరు వీటోను కాదని శాసనసభ చేసిన చట్టం వల్ల, 2017 జనవరి నుంచి దాచుకుని తిరగడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. నడుము దగ్గర ఉబ్బు చూసి ఆనాటి పోలీసు ఆపగలిగేవాడు. ఈనాటి పోలీసుకు ఆ ఉబ్బు ఒక్కటే నేరానికి గుర్తు కాదు. 1992 ప్రయోగం ఏ భయాన్ని పుట్టించి నేరాలను తగ్గించిందో, ఆ భయానికి ఆధారమైన చట్టమే ఇప్పుడు లేదు.

2024 ఫిబ్రవరి 14న అదే నగరంలో ఫుట్‌బాల్ జట్టు విజయోత్సవ ఊరేగింపు జరిగింది. 800 మందికి పైగా పోలీసులు బందోబస్తులో ఉన్నారు. అంతమంది కళ్ల ముందే, ఒకరినొకరు ఎరుగని కొందరి మధ్య మాట మాట పెరిగి తుపాకులు బయటికి వచ్చాయి. ఒక తల్లి చనిపోయింది, ఇరవై మందికి పైగా గాయపడ్డారు, వారిలో సగం దాకా పిల్లలు. 1992లో నలుగురు పోలీసులు సాధించిన దానిని 2024లో ఎనిమిది వందల మంది సాధించలేకపోయారు. ఆనాటి నలుగురికి, తుపాకీ జనంలోకి రాకముందే దానిని ఆపే అధికారం ఉండేది. ఈనాటివారికి చాలాసార్లు అది పేలిన తరువాతే అధికారం వస్తోంది.

అయినా చేయగలిగింది కొంత మిగిలే ఉంది. తీవ్రమైన నేరం రుజువైనవారు తుపాకీ పట్టకూడదన్న ఫెడరల్ చట్టం ఇంకా అమలులో ఉంది. ఇంతకు ముందు కాల్పులలో పాల్గొన్నవారు ఎవరో, పగలు ఎవరి మధ్య రగులుతున్నాయో వీధి పోలీసుకు తెలియనిది కాదు. ఆ కొద్దిమంది పేర్లు, ఆ కొద్ది కూడళ్లు, ఆ కొద్ది గంటలు ఎంచుకుని ఏడాది పొడవునా ఆపకుండా నడిపే గస్తీకి మిస్సోరీలో ఈ రోజుకీ చట్టం అడ్డు రాదు. దానికి కావలసింది ఏటా బడ్జెటులో రాసిపెట్టిన డబ్బు.